పనికిరాదన్న ఇల్లు

2023 అక్టోబర్ 9

మునిసిపాలిటీ సరేనంది. భవనం, నీళ్ళు, కరెంటు వాళ్ళవి. వంట, మందులు, వార్డెను, మనుషుల్ని చూసుకోవడం మా ట్రస్టువి. నెలకోసారి ఒంగోలు నుంచి మానసిక వైద్యుడు వస్తాడు. జబ్బు నయమై కూడా ఇంటికి పోయే దారిలేని ఆడవాళ్ళు ఆరుగురు మార్కాపురంలో అందరిలాగే ఉండబోతున్నారు. ఆస్పత్రిలో కాదు, ఆశ్రమంలో కాదు. ఇంట్లో.

మీటింగులో గట్టిగానే మాట్లాడాను. "ఊరి బయట పెడితే అది ఇల్లు కాదు సార్, ఇంకో ఆస్పత్రి. కూరగాయల బండి పిలుపు వినపడే చోట ఉండాలి" అన్నాను. కమిషనర్ రాసుకున్నాడు. కూరగాయల బండి మాట ముందుగా అనుకున్నది కాదు, అప్పటికప్పుడు వచ్చింది. దారిలో దాన్నే తలుచుకుంటూ వచ్చాను.

చాలా రోజుల తర్వాత నా మీద నాకు ఇష్టం కలిగింది. ఎక్కడైనా రాసుకోవాలనిపించి ఈ డైరీ తీశాను.

అక్టోబర్ 12

భాగ్యమ్మ కూతుర్ని తీసుకొని ఆఫీసుకొచ్చింది. హనుమంతునిపాడు దగ్గరి పల్లె. కూలి పని. కూతురు దయామణి. పెళ్ళయిన కొత్తలో జబ్బు చేసింది. మొగుడు తెచ్చి పుట్టింట్లో దించి మళ్ళీ రాలేదు. మందులు క్రమంగా వేసుకుంటుంది, ఇప్పుడు బాగుంది. చర్చి వాళ్ళు కుట్టు నేర్పించారు. మా బజారులోనే జాకెట్లు కుట్టే కోటిరత్నమక్కకు చేతిపని చూపిస్తే, "ఈ పిల్ల కాజాలు కుడితే నేను వంక పెట్టలేకపోతినే" అందట. ఉండటానికి చోటు దొరికితే పని ఇస్తుంది.

భాగ్యమ్మ కుర్చీలో కూర్చోలేదు. గోడకానుకొని నిలబడే మాట్లాడింది.

"నేనున్నన్నాళ్ళు గంజో గటకో పోస్తా తల్లీ. నాకూ గుండె బాగలేదని చెప్పినారు. నా తరవాత యాడ ఉంటది? కొడుకునడిగితే, నాకూ పెండ్లాం బిడ్డలున్నారంటాడు."

దయామణి నవ్వింది. "మా అమ్మ నన్ను చూసుకుంటోందో, నేను మా అమ్మను చూసుకుంటున్నానో ఒకసారి అడగండి మేడమ్. పొయ్యి నాది, బిందె నాది, ఆమె మాత్రలు గుర్తు పెట్టుకునేదీ నేనే."

"నోర్ముయ్యే" అంది భాగ్యమ్మ. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మొదటి పేరు దయామణిదే అని మాటిచ్చాను.

అక్టోబర్ 20

భవనం దొరికింది. పాత కాన్పుల ఆస్పత్రి. మా పెరటి గోడకు అవతలిది. మంచిదే.

అక్టోబర్ 21

మంచిదే అని నిన్న రాశాను. మంచిదే. కాకపోతే రోడ్డు ఇరుకు. ఎప్పుడైనా అంబులెన్సు రావలసొస్తే ఎలా తిరుగుతుంది? ఇలాంటివి ముందే ఆలోచించాలి. రేపు ఏదైనా జరిగితే అడిగేది నన్నే.

అక్టోబర్ 26

మునిసిపల్ ఇంజనీరుతో వెళ్ళి లోపల చూశాను. ఇన్నేళ్ళు గోడకు ఇటువైపే ఉండి ఎన్నడూ చూడలేదు. పెద్ద వరండా, గాలి, వెలుతురు. ఒక గదిలో ఇంకా ఉయ్యాల కొక్కేలున్నాయి. మా ఆయన పుట్టింది ఇక్కడేనని అత్తయ్య చెబుతుంది.

ఇంజనీరు కుర్రవాడు, హుషారైనవాడు. "శ్లాబు మీద పూత వేసి, పైపులు మారిస్తే చాలు మేడమ్. పాతకాలం గోడలు, ఫిరంగి పెట్టి కొట్టినా కదలవు."

"తేమ ఉన్నట్టుందే" అన్నాను.

"యాడ మేడమ్?"

చూపించడానికి నాకేమీ కనపడలేదు. పెరటివైపు వెళ్ళి, "ఈ గోడ ఎత్తు పెంచొచ్చా?" అన్నాను.

"అవతల ఎవరిదో ఇల్లు గదా మేడమ్. వాళ్ళనడగాల."

"మాదే" అన్నాను.

అతను గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అట్లయితే పెంచేదెందుకు మేడమ్? ఒక తలుపు పెడితే మీరు ఇట్లనే వచ్చి పోవచ్చు" అన్నాడు. పాపం, మంచి ఆలోచన చెప్పాననుకున్నాడు.

నవంబర్ 2

అత్తయ్యకు ఇంకా చెప్పలేదు. డెబ్బై దాటిన మనిషి, బెదిరిపోతుంది. పగలంతా ఇంట్లో ఒక్కతే. మడి, ఆచారం. ఆమె ఒప్పుకోదని నాకు తెలుసు, అడిగి ఆమెను ఇబ్బంది పెట్టడమెందుకు?

ఆయన భోజనానికొచ్చినప్పుడు చెప్పాను. మజ్జిగ కలుపుకుంటూ విన్నాడు. "నీ ఇష్టం" అన్నాడు. దుకాణానికి వెళ్ళిపోయాడు.

కాదంటాడనుకున్నాను. పోట్లాడటానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. కాదంటే బాగుండేది.

నవంబర్ 3

కాదంటే బాగుండేదని ఎందుకు రాశాను?

నవంబర్ 8

నిజం రాసుకుందాం, చదివేవాళ్ళెవరు.

సాయంత్రం ఇంటికొచ్చి, మొహం కడుక్కొని, జడ విప్పుకొని పెరట్లో కూర్చుంటాను. ఆ కాసేపు నేను ఎవరికీ మేడమ్‌ను కాను. ఆ గోడ మీదుగా ఎవరో "మేడమ్" అని పిలుస్తారు. మందులు అయిపోయాయంటారు. ఫలానా ఆమె అన్నం తినడం లేదంటారు. పండక్కి చుట్టాలొచ్చి కూర్చుంటే అవతల ఎవరో ఏడుస్తారు. "అదేంది?" అని చుట్టాలడుగుతారు. నేను చెప్పాలి.

ఇంతేనా? ఇంతే.

ఇంతే అయితే రాసి ఊరుకోవచ్చుగా. లోపల ఇంకోటి ఉంది. దయామణి నా పెరట్లోకి వస్తే ఎక్కడ కూర్చోబెడతాను? ఆఫీసులో అయితే కుర్చీ చూపిస్తాను. సెమినార్లలో ఈ ప్రశ్నకు నేను చెప్పే జవాబు చాలా బాగుంటుంది. చప్పట్లు కొట్టారు కూడా, విశాఖపట్నంలో.

అయినా బజారువాళ్ళు ఎలాగూ ఒప్పుకోరు. వాళ్ళే కాదంటారు. అప్పుడు వేరే చోటు చూడక తప్పదు. నేను చేయగలిగింది ఏముంటుంది?

నవంబర్ 18

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

సత్రం హాల్లో బజారువాళ్ళ సమావేశం. పిలిచింది మా వార్డు కౌన్సిలరు దశరథరామయ్య బాబాయ్. దయామణిని, భాగ్యమ్మను నేనే రమ్మన్నాను, కళ్ళతో చూస్తే జనానికి భయం పోతుందని. తలుపు దగ్గర చాప మీద కూర్చున్నారు. దయామణి తను కుట్టిన జాకెట్టే వేసుకొచ్చింది.

ఎరువుల కొట్టు వెంకటసుబ్బయ్య అందుకున్నాడు. "పిచ్చోళ్ళ హాస్టలంట గదా బాబాయ్. రాత్రిళ్ళు అరుస్తారా?"

"మీ ఇంట్లో అత్తాకోడళ్ళు అరిచేదానికంటేనా అన్నా?" అంది కోటిరత్నమక్క. "మీ మిద్దె మీద కోతి కూడా కాపురం ఎత్తేసి పాయె."

హాలంతా నవ్వింది. వెంకటసుబ్బయ్య కూడా నవ్వాడు. తర్వాత ఎవరో నీసు వండుతారా అని అడిగారు. ఎవరో కులం అడిగారు.

"ఆడకూతుళ్ళు. అంతకంటే నాకు తెల్దు, నీకూ అక్కర్లా" అన్నాడు బాబాయ్. "జబ్బు చేసింది, తగ్గింది. నీకు షుగరు లేదా? గోలీ ఏసుకొని కొట్లో కూర్చుంటలా? వాళ్ళూ అంతే. చూసుకునే మనిషి ఇంట్లోనే ఉంటది. పైన పరమేశ్వరమ్మ ఉండాది."

నా పేరు వినపడగానే తలుపు వైపు చూశాను.

వెంకటసుబ్బయ్య గడ్డం గోక్కున్నాడు. "నిజమేలే. ఆమె గోడకే గదా ఉండేది. ఆమెకు లేని భయం మనకెందుకు? కానీయండి."

అయిపోయింది. అంతే. ఒప్పుకోరు ఒప్పుకోరు అని పది రోజులుగా నేను అనుకుంటూ ఉన్నవాళ్ళు తాంబూలం తీసుకున్నంత తేలిగ్గా ఒప్పుకున్నారు. నన్ను చూసి ఒప్పుకున్నారు.

మా బజారులో ఒక పద్ధతి ఉంది. కొత్తగా ఎవరు కాపురానికొచ్చినా మొదటి బిందె మంచినీళ్ళు గోడ పక్కింటివాళ్ళు మోసుకెళ్ళి ఇవ్వాలి. నీళ్ళకు కటకటలాడే ఊరు గదా. ఆ బిందె దిగితే ఇక వాళ్ళు మనవాళ్ళే. మంచీచెడ్డకు పిలుపులుంటాయి. నేను కోడలిగా వచ్చాక మూడిళ్ళకు నా చేత్తో మోశాను.

బాబాయ్ నావైపు తిరిగాడు. "అయితే అమ్మాయ్, మొదటి బిందె మీ ఇంటినించే. మీ అత్తతో చెప్పు."

అందరూ నవ్వుతూ చూస్తున్నారు. తలుపు దగ్గర దయామణి కూడా. ఆ పద్ధతి ఆమెకు ఎవరు చెప్పారో, వాళ్ళమ్మ చెవిలో ఏదో చెబుతోంది.

"నీళ్ళదేముంది బాబాయ్" అన్నాను. ఊరుకోవలసింది. "అసలు ఆ బిల్డింగ్ పనికొస్తుందా అనేదే నా అనుమానం. పాతది. తేమ. రోడ్డు చూస్తే అంబులెన్సు తిరగదు. రేపు ఏదైనా అయితే వాళ్ళకే ప్రమాదం. వాళ్ళ మంచి కోసమే చెబుతున్నా."

వెంకటసుబ్బయ్య పుట్టు వ్యాపారి. అతనే ముందుగా తేరుకున్నాడు.

"అమ్మేవాళ్ళే సరుకు బాగలేదంటే ఇంక కొనేదెవరమ్మా?"

లేచి కండువా దులుపుకున్నాడు. ఒకరి వెంట ఒకరు లేచారు. బయట అతని కొట్టు ముందు ఎరువుల లారీ నిలబడి ఉంది. మేం లోపల ఉన్నంతసేపూ దించుతూనే ఉన్నారు. దించడం అయిపోయి, ఆ ఇరుకు రోడ్డులోనే వెనక్కు తిప్పుకొని వెళ్ళిపోయింది.

భాగ్యమ్మ దగ్గరికొచ్చి, "ఏమైంది తల్లీ? లేదంటనా?" అంది.

"ఇంకా మంచిది చూస్తున్నాం" అన్నాను.

దయామణి చాప చుట్టి గోడకు ఆనించింది. వాళ్ళకు అంతా అర్థమై ఉండదు.

నవంబర్ 19

నేను చెప్పింది అబద్ధం కాదు. రోడ్డు ఇరుకే.

నవంబర్ 20

ఇరుకే.

నవంబర్ 29

తర్లుపాడు రోడ్డులో, పలకల ఫ్యాక్టరీల రాతిముక్కల గుట్టలు దాటాక, మునిసిపాలిటీ కట్టి వాడకుండా ఉంచిన వసతి గృహం ఉంది. అది ఇస్తామన్నారు. కొత్తది. చుట్టూ ఎవరూ లేరు. అంబులెన్సు ఎన్ని చుట్లైనా తిరగొచ్చు.

ఒంగోలు నుంచి మా ట్రస్టు పెద్ద రాధాకృష్ణమూర్తిగారు ఫోన్ చేశారు. "సొంత వీధి, నలుగురి మాట అనే మొహమాటం లేకుండా భద్రత గురించి నిలబడ్డారు. అందరూ చేయలేరమ్మా ఆ పని" అన్నారు.

థాంక్స్ అండీ అన్నాను. అన్నాను, థాంక్స్ అని.

డిసెంబర్ 10

అత్తయ్య పెరట్లో మినప్పిండి దంచిస్తూ హఠాత్తుగా అడిగింది. "ఏమే పరమేశ్వరీ, ఆ ఆడపిల్లలు రాలేదేమే ఇంకా?"

"ఏ ఆడపిల్లలు?"

"ఏ ఆడపిల్లలేంది? కాన్పులాస్పత్రిలోకి వస్తారంటిరే. బజారంతా చెప్పుకుంటే నాకు తెల్దా? నువ్వు చెప్తావు చెప్తావని చూస్తి. నాకేం చెవుడా?"

"మీరు భయపడతారనుకున్నా అత్తయ్యా."

"ఎవరికి?"

"వాళ్ళకు."

అత్తయ్య రోకలి పట్టుకున్న మనిషిని ఆగమని నావైపు తిరిగింది. "పగలంతా నువ్వుండవు, వాడుండడు. ఈ కొంపలో గోడలతో మాట్లాడి మాట్లాడి నాకే పిచ్చెక్కేట్టుంది. అవతల ఆరుమంది ఆడోళ్ళుంటే పలకరిద్దామనుకుంటి. అప్పడాలొత్తే చేతులు దొరుకుతాయనుకుంటి. గోడ మీదనించి పిండి ఇస్తే ఒత్తి ఇస్తారు గదా, ఇంట్లోకి రావలసిన పనేముంది?" మళ్ళీ పిండి వైపు తిరిగింది. "కొత్త బిందె కూడా తీసి తోమి పెడితిని."

అత్తయ్య గొప్ప మనసు అని రాస్తే అబద్ధం. ఇంట్లోకి రావలసిన పనేముంది అనే అంది. గోడకు అటు వాళ్ళు, ఇటు తను. కానీ ఆ గోడ మీద చేయి చాపడానికి సిద్ధపడింది. ఆమె పేరు అడ్డం పెట్టుకొని నేను అదీ చేయలేదు.

"నన్నడిగినావా?" అని మళ్ళీ అంది. ఈసారి నావైపు చూడకుండా.

2024 జనవరి 8

కమిషనర్ దగ్గరికి వెళ్ళాను. దారిపొడవునా ఒకటే వాక్యం అనుకుంటూ వెళ్ళాను: భవనం బాగానే ఉంది సార్, నాకే ఇష్టం లేకపోయింది.

"సార్, ఆ కాన్పుల ఆస్పత్రి సంగతి మళ్ళీ ఒకసారి చూస్తే బాగుంటుందేమో" అన్నాను.

"ఏది మేడమ్? మీరు పనికిరాదన్నదా?"

"నేను తొందరపడ్డానేమో సార్."

"అబ్బే, తొందరేముంది. మీరు చెప్పినాక మావాళ్ళూ చూసినారు. తేమ ఉంది, పాతదైపోయిందనే చెప్పినారు. పడగొట్టేదానికి పర్మిషన్ కూడా అయిపోయింది. అక్కడ వాటర్ ట్యాంకు వస్తుంది. మీ బజారుకు మంచిదే గదా!"

ఆ కుర్రవాడే. గోడలు ఫిరంగి పెట్టినా కదలవన్నవాడే. మేడమ్ తేమ అంది కాబట్టి తేమ కనపడింది. ఈ ఊళ్ళో చదువుకున్నదాని మాటకు అంత విలువ.

చెప్పాల్సిన వాక్యం మిగిలిపోయింది. టీ తెప్పించారు, తాగి వచ్చాను.

జనవరి 23

అవతల పారలు, సుత్తులు. గోడలు నిజంగానే కదలడం లేదు. మనుషులకు చాతకాక మెషీను తెచ్చారు. ఆ ఇరుకు రోడ్డులోనే తెచ్చారు.

జనవరి 24

దుమ్ము. పెరట్లో కూర్చోలేదు.

ఫిబ్రవరి 27

ఎలక్షన్ కోడ్ పడేలోపు కావాలని తొందర తొందరగా ప్రారంభం చేశారు. షామియానా, రిబ్బను, పెద్దవాళ్ళు. పాలు పొంగించింది వచ్చిన పెద్దల్లో ఒకరి భార్య. ఆ ఇంట్లో ఉండాల్సిన ఆరుగురూ బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చొని చూశారు, వేరేవాళ్ళ ఇంటికి వచ్చినట్టు. వాళ్ళను లోపలికి పిలవాలని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. మైకు నా చేతిలో ఉంది, కార్యక్రమం నడపాలి.

మొదటి నీళ్ళు ట్యాంకరు నుంచి పట్టారు. చుట్టుపక్కల ఇల్లే లేదు.

జనం వెళ్ళిపోయాక భాగ్యమ్మ మంచాల చుట్టూ తిరిగి చూసింది. దుప్పటి తడిమింది. బయట రాతి గుట్టలకేసి చూసింది.

"బాగుంది తల్లీ. శుభ్రంగా ఉంది. ఇంత మాత్రం ఎవరిస్తారు?" అంది. గుమ్మం దాకా వచ్చి, "మా పల్లెలో కుక్కలన్నా తెలిసినయ్యి. ఈడ అవి కూడా కొత్తవే" అని నవ్వింది. వెళ్ళేటప్పుడు రెండు చేతులూ పట్టుకుంది. నా చేతులు లాక్కోలేదు, అంతవరకు చేశాను.

మార్చి 11

దయామణి పని పోయేట్టుంది.

ఊళ్ళోకి పొద్దున పాల ఆటో వస్తుంది. సాయంత్రం ఐదు దాటితే అటు ఆటో పోదు. కోటిరత్నమక్క దుకాణం తీసేదే పొద్దెక్కాక, అసలు పని జరిగేది సాయంత్రం. పోనీ గుడ్డలు అక్కడికి పంపితే అంటే, "కొలత తేడా వస్తే అడిగేదానికి మనిషి పక్కన ఉండాల పరమేశ్వరీ. పెండ్లిళ్ళ కాలం. ఒక్క జాకెట్టు చెడిపోతే నా పేరు పోతది" అంది. ఈ నెలాఖరు దాకా చూస్తానంది.

"మీ గోడ పక్కన ఉండుంటే పరిగెత్తి వచ్చేది పాపం" అని కూడా అంది. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైనా బాగుండేది.

పని లేకపోతే అక్కడ ఉండనంటోందట దయామణి. పల్లెకే పోతానంటోంది. తిని పడుకునేదానికైతే మా అమ్మ దగ్గరే పడుకుంటా గదా అందని వార్డెను చెప్పింది. భాగ్యమ్మ తర్వాత ఏమిటన్నది మళ్ళీ మొదటికొచ్చింది.

తర్లుపాడు రోడ్డుకు సాయంత్రం బస్సు వేయమని డిపోలో అడిగాను. ఎలక్షన్లయ్యాక చూద్దామన్నారు. అడిగాను అని తృప్తిపడి ఇంటికొచ్చాను. ఈమధ్య నేను చేసే పనులన్నీ ఇలాగే ఉంటున్నాయి, చేశాను అని చెప్పుకోవడానికి సరిపోయేటంత.

మార్చి 20

పొద్దున ముగ్గు వేసి లేచేసరికి గేటు అవతల దయామణి. పాల ఆటోలో వచ్చింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. మా ఇంటికి రావడం ఇదే మొదలు.

"లోపలికి రా" అన్నాను. గేటు దాటి, అక్కడే నిలబడింది.

"మేడమ్, కోటిరత్నమక్క తన పాత మిషన్ ఇస్తానంటోంది. మీ పంచలో పెట్టుకోనా? పొద్దున ఆటోకొచ్చి కుట్టుకుంటా. దుకాణం తెరిచినాక కొలతలు అడిగొస్తా. ఐదుకు పోతా. మీకేం అడ్డం ఉండను."

నేను ఆలోచించలేదు. మాట దానంతటదే వచ్చింది.

"అత్తయ్యను అడిగి చెబుతాను."

"పెద్దమ్మనడిగినా మేడమ్. మొన్న అక్క దుకాణం కాడ కనపడింది. పంచలోనే గదా, నాదేముంది, మా కోడల్ని అడుగు అనింది."

"మా ఆయనను కూడా..."

"అన్నను అక్క అడిగిందంట. ఆమె ఇష్టం అన్నాడంట."

వీధిలో కూరగాయల బండివాడు అరుస్తూ పోయాడు. ఇంక అడ్డం పెట్టుకోవడానికి నాకెవరూ మిగల్లేదు. నలభై ఆరేళ్ళదాన్ని, రెండు ఎం.ఏ.లు చేసినదాన్ని, నా వాకిట్లో నా ముగ్గు పక్కన నిలబడి, ఎవరైనా కాదంటే బాగుండని చూస్తున్నాను.

"దయామణీ" అన్నాను, "ఆ రోజు సత్రంలో నేను చెప్పింది..."

"రోడ్డు ఇరుకు సంగతా మేడమ్? మా అమ్మ అప్పుడే అనింది. ఇంత లారీ తిరిగిపాయె గదే అని."

ఆమె గొంతులో కోపం లేదు. వెతికాను, దొరికితే బాగుండునని.

"నాకు భయం వేసింది" అన్నాను. "గోడకు అవతల మీరంతా ఉంటారని. భవనానికి ఏం కాలేదు. నేనే వద్దన్నాను."

కమిషనర్ ముందు రాని వాక్యం అది. వచ్చాక చూస్తే చాలా చిన్నది.

దయామణి చెప్పులు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. క్షమించానంటుందేమోనని ఎదురుచూశాను, సిగ్గులేకుండా.

"నాకూ భయమే మేడమ్, ఇట్ల వచ్చి మీ ఇంట్లో కూర్చోవాలంటే" అంది. "మీరెప్పుడు ఏమంటారో తెల్దు గదా. కానీ పని కావాల."

పంచ వైపు చూశాను. గోడ మీద లైటు ఉంది గానీ ప్లగ్గు లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. నేనింకా నోరు తెరవలేదు, నా చూపు ఎటు పోయిందో తను చూసింది.

"తొక్కే మిషను మేడమ్" అంది. "కరెంటు అక్కర్లా."